నడుము మీద టికెట్ లేని ప్రయాణికుడు

ముందే చెప్పేస్తున్నాను. నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మనిషిని కాదు. బస్సు టైరు పేలిపోయిందని నేను డిపోకి ఫోన్ చేస్తే, అవతలివాళ్ళు "గాలి కాస్త తగ్గిందన్నమాట" అనుకుని, టీ తాగి తీరిగ్గా బయల్దేరతారు. మా ఆవిడ ఇంకా జాగ్రత్త మనిషి. నేను చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని మా అక్కకి ఫోన్ చేసి రూఢి చేసుకుంటుంది. మీరూ అలాగే చదవండి. ఒక్క మినహాయింపు ఉంది. ఇందులో శిలీంధ్రాల గురించి ఉన్నవన్నీ ఒంగోలులో డాక్టరమ్మ చెప్పినవి. వాటికి నేను ఏమీ కలపలేదు. నా సాయం లేకుండానే అవి పెద్ద కోతల్లా ఉన్నాయి.

నేను అద్దంకి నుంచి కనిగిరి వెళ్ళే బస్సులో కండక్టర్ని. మిరప సీజన్లో మా బస్సెక్కి తుమ్మకుండా దిగాడంటే ఆ మనిషికి ముక్కు లేదని అర్థం. సీట్ల కింద మిరపకాయ బస్తాలు, నడిచే దారిలో మిరపకాయ బస్తాలు, బస్తాల మీద మనుషులు. డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా ఎర్రటి దుమ్ము లేచి బస్సంతా పోపు వేసినట్టు అయిపోతుంది. ఆ దుమ్ములో, ఆ ఉక్కలో, ఖాకీ ప్యాంటు, దాని మీద నాలుగంగుళాల బెల్టు, భుజానికి టికెట్ మిషను. సాయంత్రం ఇంటికొచ్చి బెల్టు విప్పితే నా నడుము నుంచి ఆవిరి లేచేది. ఆ వేడికి ఇడ్లీలు ఉడికేవని నేనంటాను. మా ఆవిడ ఒప్పుకోదు.

మా ప్రాంతంలో సంక్రాంతి దాటిందంటే మొదలు ఎండలు ముదిరేదాకా అందరూ గోక్కుంటూనే ఉంటారు. కాయ కోసేవాళ్ళు గోక్కుంటారు, తాలు కాయలు ఏరేవాళ్ళు గోక్కుంటారు, బస్తాలు ఎత్తేవాళ్ళు గోక్కుంటారు, వాళ్ళని చూసి మిగతావాళ్ళు గోక్కుంటారు. కాబట్టి ఫిబ్రవరిలో నా బెల్టు కింద దురద మొదలైనప్పుడు నేను మిరపకాయని తప్ప ఎవరినీ అనుమానించలేదు. మజ్జిగ పూశాను, కొబ్బరినూనె పూశాను. పడుకునే ముందు తాళంచెవితో కూడా గోక్కున్నాను. స్వర్గం అనేది ఉంటే అది ఆ తాళంచెవి చివర్నే ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఒక పెద్దమనిషి దిగింది. మా అమ్మాయికి క్రిస్మస్ అయ్యాక ఆడపిల్ల పుట్టింది. పురుటికి మా ఇంటికే వచ్చింది కదా, పిల్లా మా ఇంట్లోనే. అరచెయ్యంత మొహం, అందులో ముప్పావు వంతు బుగ్గలు. ఈస్టరు ఆదివారం నాడు బాప్తిస్మం అని నిర్ణయమైంది. మా వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. బాప్తిస్మం రోజున బిడ్డని బెంచీ దగ్గర్నుంచి పాస్టరు గారి దాకా ఎత్తుకెళ్ళేది తల్లిదండ్రులు కాదు, తల్లి వైపు తాత. మా అమ్మాయిని మా మామగారు ఎత్తుకెళ్ళాడు. ఆ పూట ఆయన నడిచిన నడక గురించి ఆయన బతికున్నంత కాలం చెప్పుకున్నాడు. ఇప్పుడు నా వంతు. ఆ పది అడుగుల నడక కోసం నేను తలగడని తెల్ల తువ్వాలులో చుట్టి, వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి సాధన చేశాను. తలగడ ఒక్కసారి కూడా ఏడవలేదు.

ఒక రోజు స్నానం చేసి తువ్వాలుతో బయటికి వచ్చాను. మా ఆవిడ చూసింది.

"ఏంటది నడుం మీద?"

"మిరప ఘాటు."

"మిరప ఘాటు అంత గుండ్రంగా గీస్తుందా, కంపాసు పెట్టుకుని?"

అప్పుడు అద్దంలో చూసుకున్నాను. బెల్టు పడే చోట ఒక వలయం. అంచు ఎర్రగా, పొట్టు రేగి ఉంది. మధ్యలో చర్మం మామూలుగానే ఉంది, ఏమీ ఎరగనట్టు. గట్టు మీద ఎండుగడ్డి అంటుకుంటే మధ్యలో కాలిపోయి చల్లారుతుంది, మంట మాత్రం చుట్టూ అంచులో పాకుతూ ఉంటుంది కదా, అచ్చం అలాగ.

"తామర," అంది మా ఆవిడ. అంతే, తీర్పు అయిపోయింది. నా సబ్బు వేరు, తువ్వాలు వేరు, దుప్పటి వేరు, మంచం వరండాలో. "అది పూర్తిగా పోయేదాకా పిల్లని ముట్టుకోవద్దు."

"ఈస్టరుకి?"

"పోతే ఎత్తుకుంటావు. పోకపోతే చూస్తావు."

పైగా ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు లేచి నిలబడి, "మా ఆయన నడుం గురించి ప్రార్థించండి," అంది. ఆ సోమవారం బస్సెక్కిన ప్రతివాడూ టికెట్ తీసుకుని నా మొహం చూడకుండా నడుం కేసి చూశాడు. కనిగిరిలో దిగుతూ ఒక ముసలమ్మ, "తగ్గుద్దిలే నాయనా," అని ఓదార్చింది.

ఈ పరిస్థితిలో నన్ను రక్షించడానికి మా బావ వచ్చాడు. బావ అంటే మా అక్క మొగుడు. అద్దంకి దగ్గర మిరప వేస్తాడు. మిరప చేలో ఆకు మీద మచ్చ కనపడితే చాలు, మూడు రకాల మందులు ఒకే డ్రమ్ములో కలిపి కొట్టే రకం. ఆయన చేలో పురుగులు చావడం కంటే ముందు భయంతో వలస పోతాయని నా నమ్మకం.

"ఏరా, పిల్లని ముట్టుకోనివ్వట్లేదంటగా," అంటూ జేబులోంచి ఒక ట్యూబు తీశాడు. సగం వాడేసిన ట్యూబు. అడుగు నుంచి చుట్టలా చుట్టి ఉంది. "మందుల షాపులో ఇచ్చాడు. ఇందులో మూడు మందులుంటాయి. బూజుకొకటి, పుండుకొకటి, దురదకొకటి. మనం చేలో కలిపి కొట్టట్లా? ఏదో ఒకటి తగులుద్ది. రాసెయ్."

"డాక్టరుకి చూపించొద్దా బావా?"

"ఆకు మచ్చకి కూడా డాక్టరేంట్రా."

రాశాను. అద్భుతం జరిగింది. రెండు పూటల్లో దురద పోయింది. వారం తిరిగేసరికి ఎరుపు పోయింది. నేను చొక్కా ఎత్తి ఇల్లంతా ఊరేగాను. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పరీక్ష చేసి, "ఇంకొన్నాళ్ళు చూద్దాం," అంది గానీ, పిల్ల ఉయ్యాల పక్కన కుర్చీ వేసుకుని కూచోనిచ్చింది. ముట్టుకోకూడదు, పాట పాడొచ్చు. నా పాటకి పిల్ల నిద్రపోయేది. భయంతో కళ్ళు మూసుకునేదని మా అమ్మాయి.

మచ్చ పోయింది కదా అని మందు మానేశాను. బావ చేలో కూడా అంతే, మచ్చ పోతే డ్రమ్ము కడిగేస్తాడు. తర్వాత కొద్ది రోజులకే దురద తిరిగి వచ్చింది. ఒక్కటే రాలేదు, బంధువులందరినీ వెంటేసుకుని వచ్చింది. వలయంలో వలయం, దాని పక్కన ఇంకో వలయం. నడుము అద్దంకి అనుకుంటే, పిర్ర మీద దర్శి, తొడ మీద పొదిలి వెలిశాయి. మోకాలు కనిగిరి. అక్కడిదాకా పోతే నా ఒంటి మీద మా రూటు మొత్తం పూర్తయినట్టే. మళ్ళీ ట్యూబు రాస్తే మళ్ళీ తగ్గేది, ఆపితే మళ్ళీ వచ్చేది, వచ్చినప్పుడల్లా ఇంకో ఊరు కలిసేది.

అది చాలనట్టు ఒక పొద్దున మా అమ్మాయి గదిలోంచి, "అమ్మా, ఇటు రా," అని పిలిచింది. పిల్ల నాలుక మీద తెల్లగా పూత. బుగ్గ లోపల కూడా. పాల మరక అనుకుని మా ఆవిడ తడిగుడ్డతో తుడవబోయింది. పోలేదు. పిల్ల పాలు పట్టుకుని, వదిలేసి, ఏడుస్తోంది. ఇంట్లో అందరూ నా వైపు తిరిగారు. బావ కూడా అక్కడే ఉన్నాడు, మామిడికాయలు ఇవ్వడానికి వచ్చి.

"నీదే రా అది," అన్నాడు, సాక్షిలాగా.

"నేను ముట్టుకోలేదు బావా."

"పాట పాడావుగా. గాల్లో పోయుంటుంది."

మా అమ్మాయి పిల్లని ఇంకాస్త దగ్గరికి పట్టుకుంది. అంతే. నేను వరండాలోకి వెళ్ళి ఖాకీ ప్యాంటు కేసి చూస్తూ కూచున్నాను.

ఆ రోజే కారు మాట్లాడుకుని ఒంగోలు పోయాం. మా ఆవిడ, అమ్మాయి, పిల్ల వెనక సీట్లో. నా సీటు వెనకే బావ, వాళ్ళకీ నాకూ మధ్య కంచెలాగా. నేను డ్రైవరు పక్కన కిటికీకి అతుక్కుని. చర్మం డాక్టరమ్మ వయసులో మా అమ్మాయి కన్నా కాస్త పెద్ద. మా అమ్మాయి ముందు పిల్లని చూపించి, నన్ను వేలితో చూపించి, "ఈయన దగ్గరున్నదే పాపకి వచ్చిందా, అది చెప్పండి," అంది.

డాక్టరమ్మ పిల్ల నోట్లోకి లైటు వేసి చూసింది. "తుడిస్తే పోవట్లేదు కదూ? పాల మరకైతే పోతుంది. ఇది చంటిపిల్లల్లో మామూలేనమ్మా. చుక్కల మందు వేస్తే తగ్గిపోతుంది, ఎదురు గదిలో పిల్లల డాక్టరు గారు రాసిస్తారు. మీ నాన్నగారిది వేరు, ఇది వేరు."

"రెండూ బూజే కదమ్మా?" అన్నాడు బావ.

"మీరూ పులీ ఇద్దరూ జంతువులే కదా అండీ."

బావ ఆ పోలికకి చాలా సంతోషించాడు.

డాక్టరమ్మ తీరికగానే చెప్పింది. శిలీంధ్రాలంటే ఒక్క ఇల్లు కాదట, ఒక పెద్ద రాజ్యమట. పుట్టగొడుగు వాళ్ళదే, రొట్టె మీద బూజు వాళ్ళదే, బ్రెడ్డు పొంగించేదీ కల్లు పులియబెట్టేదీ వాళ్ళదే. పిల్ల నోట్లో ఉన్నది ఆ కల్లు పులియబెట్టేదానికి చుట్టం. ఒక్కొక్క కణంగా మొలకలు వేసుకుంటూ పెరిగే రకం. చాలామంది నోట్లో, పేగుల్లో ఊరికే కాపురం ఉంటుంది. ఒంటికి బలం చాలనప్పుడు, పసిపిల్లల్లో, షుగరు అదుపు తప్పినవాళ్ళలో, తల ఎగరేస్తుంది. నా నడుము మీదది దారాల రకం. దానికి చర్మంలో పైపైన ఉండే చచ్చిన పొర, జుట్టు, గోళ్ళు, ఇవే భోజనం. నాలుక దాని విస్తట్లోకి రాదు.

నాకు లేచి డాన్సు చేయాలనిపించింది. దురద వల్ల అప్పటికే సగం చేస్తున్నాను.

తర్వాత నా వంతు. మొండి బ్లేడుతో వలయం అంచు మీద గీకి, రాలిన పొట్టుని గాజు పలక మీద వేసి, ఒక చుక్క మందు వేసింది. చర్మం కరిగిపోయి ఆ బూజు మాత్రం మిగులుతుందట. మైక్రోస్కోపులో చూస్తారా అని అడిగింది. చూశాను. ఏకిన పత్తిలాగా సన్నటి పోగులు, కొమ్మలు వేసుకుంటూ, గదులు గదులుగా. నా ఒంటి మీద ఎవరో పత్తి చేను వేసి, నాకు చెప్పకుండా కాపు కూడా తీస్తున్నారు.

"ఇది మొక్కా అమ్మా?" అన్నాను.

"కాదండీ. ఎండతో వంట చేసుకోవడం దీనికి రాదు. దీని కణం గోడలో ఉండేది రొయ్య పెంకులో ఉండే పదార్థం. నోరు లేదు, కడుపు లేదు. అరిగించే రసాలు బయటికి వదిలి, మీ చర్మాన్ని బయటే అరగదీసి, తర్వాత పీల్చుకుంటుంది. నిజానికి చెట్ల కన్నా మనకే దగ్గర చుట్టం. అందుకే మనకి దెబ్బ తగలకుండా దాన్ని చంపే మందులు తక్కువ."

"చుట్టమైతే ఇంతేగా," అంది మా ఆవిడ, బావ కేసి చూడకుండా. "వచ్చాక పోదు."

డాక్టరమ్మ ఏం వాడారని అడిగింది. నేను ట్యూబు తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని చూసి, చాలాసార్లు చూసిన దొంగని చూసినట్టు తలాడించింది. అందులో ఉన్న మూడింట్లో ఒకటి స్టెరాయిడ్ అట. ఎరుపూ దురదా మన ఒళ్ళు చేసే పోరాటమట. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. నాకు వెంటనే అర్థమైంది. టికెట్ లేనివాడు బస్సులో ఉన్నాడని చెకింగ్ వాళ్ళు ఎక్కి గొడవ చేస్తుంటే, గొడవ భరించలేక మనం చెకింగ్ వాళ్ళని దింపేసి, తలుపేసి, రైట్ రైట్ అన్నాం. బస్సు ప్రశాంతంగా ఉంది. టికెట్ లేనివాడు కాళ్ళు చాపుకుని, స్టేజీ స్టేజీకీ తన వాళ్ళని ఎక్కించుకున్నాడు.

"ఈ ట్యూబు ఎవరిచ్చారు?"

బావ చెయ్యి పంచె ముడి దగ్గర కదులుతోంది. సగం వాడేసిన ట్యూబు ఒక మనిషి జేబులో ఎందుకుంటుందో అంతవరకూ మాలో ఒక్కరం ఆలోచించలేదు.

"పెద్దాయనా, మీరు కూడా ఆ తెర వెనక్కి రండి."

"నాది మిరప ఘాటమ్మా. మా కల్లంలో అందరికీ ఉంటుంది."

"రండి."

తెర వెనక నుంచి మాటలు వినిపించాయి. "కల్లంలో మిరపకాయలు తడిగా ఉంటే కుప్ప పోస్తారా?"

"పోస్తే బూజు పట్టదూ? పలచగా ఆరబోసి తిరగెయ్యాల."

"మరి చెమట బనీను మీద పంచె బిగించి రోజంతా తిరిగితే?"

తర్వాత బావ గొంతు, బాగా తగ్గి, "అంటే, ఇది కుప్ప పొయ్యడమేనంటారు."

ఇద్దరికీ ఒకటే మందులు. కొన్ని వారాల పాటు మాత్రలు, పైన పూత. వలయం మీదే కాదు, అంచు దాటి బయట కూడా రాయాలి, ఎందుకంటే మంట అంచులో ఉంటుంది. మచ్చ కనపడకుండా పోయాక కూడా ఆవిడ ఆపమనేదాకా ఆపకూడదు. తువ్వాళ్ళు ఎవరివి వాళ్ళవే. బట్టలు వేడినీళ్ళలో ఉతికి, ఎండలో తిరగేసి ఆరేయాలి.

నేను గొంతు సవరించుకుని అసలు సంగతి అడిగాను. "ఈస్టరుకి పిల్లని ఎత్తుకోవచ్చా అమ్మా?"

"మందు వాడుతూ, ఉతికిన బట్టలు వేసుకుని, మచ్చలు కప్పుకుని, చేతులు కడుక్కుంటే ఎత్తుకోవచ్చు. నేరుగా తగలకుండా చూసుకోండి."

కారెక్కాక ఆ మాట మా ఆవిడకి గుర్తు చేశాను.

"ఎత్తుకోవచ్చు అంది," అంది మా ఆవిడ. "ఎత్తుకో అనలేదు."

ఆ తర్వాతి వారాల్లో మా పెరడు ధోబీఘాటు అయింది. పొయ్యి మీద కాగులో నా ఖాకీలు ఉడికాయి. ఇస్త్రీపెట్టె వేడికి బెల్టు లూపులు మాడు వాసన వేశాయి. దుప్పట్లు ఎండలో రెండు వైపులా వేగి అప్పడాలయ్యాయి. పిల్ల నోట్లో పూత చుక్కలతో ఇట్టే పోయింది, మళ్ళీ పాలు గుటకలేస్తోంది. నాది అంత సులువుగా పోలేదు. కనిగిరి దాకా పోకుండా మాత్రం ఆగింది. పొదిలి ఖాళీ అయింది, దర్శి పలచబడింది. అద్దంకి ఒక్కటే మొండికేసింది.

బావ రోజూ ఫోన్ చేసేవాడు. "నాది పోయిందిరా. ఆపేస్తన్నా."

"డాక్టరమ్మ ఆపమందా?"

"మచ్చ లేనిదానికి మందేంట్రా, దండగ."

వెనక నుంచి మా అక్క గొంతు వినపడేది. "నోట్లో వేసి నీళ్ళు పోస్తా, ఇటు రా." ఫోను కట్టయ్యేది.

ఈస్టరు ఆదివారం వచ్చింది. కొత్త తెల్ల చొక్కా, ఉడికించి ఆరేసిన ప్యాంటు. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానంటే గీతలు అరిగిపోయి నా భవిష్యత్తు తెలియకుండా పోయింది. పాస్టరు గారు పిలిచారు. మా ఆవిడ నా వైపు ఒక క్షణం చూసి, తెల్ల గౌనులో ఉన్న పిల్లని నా చేతుల్లో పెట్టింది. నేను నడిచాను. ఫ్యాన్లు ఆగిపోయాయి, ఫ్యాన్ల మీద పిచ్చుకలు ఆగిపోయాయి, చిన్నపిల్లలు దగ్గడం ఆపేశారు. తలమీద నీళ్ళు పడితే పిల్ల ఏడవలేదు, నా చొక్కా గుండీ పట్టుకుని నవ్వింది. బెంచీల్లో ఏడవనివాళ్ళు లేరు. మా బావ పంచె చెంగుతో కళ్ళు తుడుచుకున్నాడు, ఉతికిన చెంగే.

ఇప్పుడు ఒప్పుకోవాలి. పైన ఉన్న ఆ పేరా నేను కల్పించాను. కొత్త తెల్ల చొక్కా, చేతులు కడుక్కోవడం వరకూ నిజం. మిగతా వాటిలో నేను ఎక్కడ సాగదీశానో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, అవి మీరే తగ్గించుకోండి. ఇది మాత్రం సాగదీసింది కాదు, అసలు జరగలేదు.

ఆ పొద్దున మా ఆవిడ నా నడుం చూసింది. అంచులో ఇంకా కొద్దిగా ఎరుపు ఉంది. డాక్టరమ్మ పరవాలేదందని ఇద్దరికీ తెలుసు. నేనే అన్నాను, "నువ్వే ఎత్తుకో" అని. ఎందుకన్నానో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఆ రోజు పిల్ల నాలుక తెల్లగా ఉన్నప్పుడు మా అమ్మాయి పిల్లని దగ్గరికి పట్టుకున్న తీరు గుర్తొచ్చి ఉంటుంది. పిల్లని మా ఆవిడే పాస్టరు గారి దాకా ఎత్తుకెళ్ళింది. నేను బెంచీ చివర కూచుని, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని చూశాను. నీళ్ళు పడగానే పిల్ల చర్చి పైకప్పు లేచిపోయేలా ఏడ్చింది. ఇది అతిశయోక్తి కాదు, బయట చెప్పుల దగ్గర ఉన్నవాళ్ళని అడగండి.

డాక్టరమ్మ మందు ఆపమన్నది ఎండలు ముదిరాక. ఆ మర్నాడు పొద్దున నేను డ్యూటీకి తయారై, ఖాకీలు వేసుకుని, టికెట్ మిషను భుజాన తగిలించుకుని, వంటింటి గుమ్మం దగ్గర టీ కోసం నిలబడ్డాను. మా ఆవిడ చంకలో పిల్ల ఉంది, పొయ్యి మీద పప్పు ఉంది.

"పట్టుకో," అంది, "అడుగంటుతోంది."

నా చేతుల్లో పెట్టేసి గరిటె తీసుకుంది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పిల్ల నేను అనుకున్నదానికన్నా బరువుగా ఉంది, తలగడకీ దానికీ పోలికే లేదు. నన్ను కాసేపు అనుమానంగా చూసి, టికెట్ మిషను పటకా నోట్లో పెట్టుకోబోయింది. మిషను తీసి బల్ల మీద పెట్టాను. పప్పు ఎప్పుడో పొయ్యి మీంచి దించేసింది. మా ఆవిడ మాత్రం ఇంకా దాన్ని కలుపుతూనే ఉంది, పిల్లని ఇటివ్వమని అడగలేదు.